చివరి చెంచా

“ఇవాళ టీచరమ్మ గొంతులో ముల్లు ఇరుక్కోకపోతే అప్పుడడగండి నన్ను” అన్నాను.

అప్పటికింకా తలుపులు తీయలేదు. టీచరమ్మ రాలేదు. ఆవిడ తినబోయే చేప ఐసు పెట్టెలోంచి బయటికే రాలేదు. మా అల్లుడు స్టూలెక్కి కిటికీ అద్దాలు కడుగుతున్నాడు. సముద్రం ఒడ్డున హోటలంటే రోజూ ఉండే పనే అది. రాత్రంతా గాలి తెచ్చి పూసిన ఉప్పు పొరని పొద్దున్నే మంచినీళ్ళతో కడక్కపోతే అద్దాలు గుడ్డివైపోతాయి. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి. దాని మీద అతన్ని చూసినప్పుడల్లా నా కళ్ళకి అతను అప్పటికే కింద పడి నడుం పట్టుకుని మూలుగుతున్నట్టే కనిపిస్తాడు.

“చేప ఇంకా నిద్రే లేవలేదు అత్తయ్యా. మీరు అప్పుడే ముల్లు దాకా వెళ్ళిపోయారు” అన్నాడు.

“నవ్వు బాబూ, నవ్వు. ముందు ఆ స్టూలు దిగు. ఇవాళ ఒక్కరోజు నీ కాలు విరక్కుండా ఉంటే చాలు నాకు.”

“రేపు విరిగితే ఫరవాలేదన్నమాట.”

లోపల్నుంచి మా అమ్మాయి గొంతు వినిపించింది. “ముళ్ళన్నీ నేనే తీస్తానమ్మా. తీశాక ఆయన వెతుకుతారు. ఆయన వెతికాక నువ్వు వెతుకుదువుగాని. ఇంకేమైనా భయాలుంటే అవి కూడా ఇప్పుడే చెప్పెయ్, అన్నిటికీ కలిపి ఒకేసారి ఏర్పాట్లు చేస్తా.”

ఇంకో భయం ఉంది. అది పైకి చెప్పేది కాదు. అది మా అమ్మాయి గురించే.

పోయిన వారం మిమ్మల్ని వంటింటి గుమ్మంలో నిలబెట్టి వదిలేశాను. నిలబడి నిలబడి కాళ్ళు నొప్పి పుట్టి ఉంటాయి. లోపలికి రండి. ఈ వారమే కొత్తగా వచ్చినవాళ్ళుంటే వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను.

రేవుకెదురుగా మా హోటలు. కింద హోటలు, మేడ మీద మేము. మా ఆయన ఉన్నన్నాళ్ళూ పొయ్యి ఆయనది. వంటింటికీ హాలుకీ మధ్య గోడలో గిన్నెలు అందించే కిటికీ ఒకటుంది, అది నాది. ఏది వండినా ఆ కిటికీ దగ్గర ఆగాలి. నేను చెంచాతో రుచి చూసి, ఏదైనా తగ్గితే కలిపి, తలాడిస్తేనే హాల్లోకి పోవాలి. దాన్ని ఆయన చివరి చెంచా అనేవారు. “నేను ఎంత గొప్పగా వండినా ఆవిడ చివరి చెంచా దాటితేనే” అని గిరాకీల ముందు నవ్వేవారు. ఆయన పోయాక పొయ్యి మా అమ్మాయి చేతికొచ్చింది. చెంచా నా దగ్గరే ఉండిపోయింది. ఏప్రాను జేబులో పెట్టుకునే తిరుగుతాను.

వానాకాలంలో మా అమ్మాయికి పెద్ద జ్వరం వచ్చింది. దాని మంచం పక్కన కూర్చుని కూర్చుని నాకూ వచ్చింది, పోయింది. దాని జ్వరం మాత్రం ఊరికే పోలేదని నాకు కొన్నాళ్ళకి తెలిసింది. లేచి పొయ్యి దగ్గర నిలబడిన రోజు నుంచీ దాని వంట చప్పబడిపోయింది. రుచి చూస్తుంది, బాగుందన్నట్టు తలాడిస్తుంది, తీరా గిన్నె నా దగ్గరకొచ్చాక చూస్తే చప్పిడి నీళ్ళు. వంట చేసేదాని నాలుక చచ్చిపోయిందని వాళ్ళతో వీళ్ళతో అనుకుంటామా? నోరు మూసుకుని, ఎవరూ చూడకుండా కిటికీ దగ్గర నేనే కొంచెం కొంచెం ఉప్పు కలుపుతూ వచ్చాను. అయినా గిన్నెలు వెనక్కి రావడం మొదలైంది. అది కూడా చప్పగా ఉందని కాదు. రేవులోకి ఓడలకి దారి చూపించే పైలటు గారు మా రోజువారీ గిరాకీ. ఆయన సూపు గిన్నె పక్కకి జరిపి, “పగలంతా సముద్రం మీదే ఉంటానమ్మా, ఇక్కడికొచ్చినా అదే తాగమంటే ఎలా?” అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, పిల్ల ఒక గిన్నెలో ఉప్పు మరిచిపోతోంది, ఇంకో గిన్నెలో రెండుసార్లు వేస్తోంది. నాలుక లేనివాళ్ళ వంట అలాగే ఉంటుంది మరి.

ఆ మాట పాకి పాకి టీచరమ్మ చెవిలో పడింది. ఈ ఇల్లు ఆవిడది. మా అమ్మాయికి చిన్నప్పుడు లెక్కలు చెప్పింది కూడా ఆవిడే. నెలాఖరుకి మా అద్దె కాగితం గడువు తీరిపోతుంది. ఐస్‌క్రీము కంపెనీ వాళ్ళు ఈ ఇంటి కోసం ఆవిడ గుమ్మం అరగదీస్తున్నారు. “ఒక పూట వచ్చి తింటాను. తిన్నాక చెప్తాను” అని కబురు పంపింది. ఆ కబురొచ్చిన సాయంత్రమే నేను వంటింటి గుమ్మంలోకి వెళ్ళేసరికి మా అమ్మాయి అలమర దగ్గర నిలబడి, పెద్ద జాడీ ఒకటి చంకలో ఇరికించుకుని, మూత తీసి అందులోకి మొహం పెట్టి ఏడుస్తోంది. మిరియాల జాడీ అయి ఉంటుంది. ఘాటు కూడా ముక్కుకి తగలడం లేదు కాబోలు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను.

పోయిన వారం అక్కడే ఆపాను.

ఇక ఆ పూట సంగతి. అద్దాలు కడగడం అయ్యాక ముగ్గురం కాఫీ తాగుతున్నాం.

“కొట్టువాడు మళ్ళీ పొడిలో ఏదో కలిపాడు” అన్నాను. “వేడినీళ్ళు తాగినట్టుంది. ఇలాంటివి తాగే మనుషులకి లేనిపోని జబ్బులొస్తాయి.”

మా అమ్మాయి, అల్లుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా గొణుగుడికి విసుగేసిందనుకున్నాను. అంతలో అల్లుడు కప్పు కింద పెట్టి ఒక్క ఉరుకు ఉరికాడు.

“అత్తయ్యా, రొట్టె! మీ వెనకే మాడిపోతోంది, చూసుకోలేదా?”

చూస్తే పెనం మీద రొట్టె బొగ్గయిపోయి పొగలు కక్కుతోంది. నా వీపు వెనకాలే. “గాలి అటు కొడుతోంది కదయ్యా, వాసన నాకెలా వస్తుంది?” అన్నాను. అతను మాడిన రొట్టెని పట్టకారుతో పట్టుకుని వెనక గుమ్మంలోంచి విసిరేశాడు. సముద్రపు కాకులు అరుచుకుంటూ దాని మీద వాలాయి.

మా అమ్మాయి చేతుల్నే చూస్తున్నాను. చేపని కోయడంలో, ముళ్ళు దూయడంలో, ఉల్లిపాయలు తరగడంలో వంక పెట్టడానికి లేదు. చేతులకేం, అవి వాళ్ళ నాన్నవి. సూపు కుండ తెర్లుతుండగా ఉప్పు జాడీ దింపి, గుప్పిట్లోకి తీసుకుని, కుండ చుట్టూ తిప్పుతూ వేసింది. చాలా రోజుల తర్వాత అంత ధారాళంగా వెయ్యడం చూశాను. మొన్నమొన్నటిదాకా చిటికెడు చిటికెడు వేస్తుండేది, గోళ్ళతో. హమ్మయ్య, ఇవాళైనా తెలివిలో ఉంది అనుకున్నాను.

“అమ్మా, ఇవాళ నువ్వు కిటికీ దగ్గర వద్దు” అంది అప్పుడే.

“ఏం?”

“టీచరమ్మ ఒక్కరే కూర్చుని తింటే ఏం బాగుంటుంది? ఎదురుగా కూర్చో. నీకూ ఆవిడతో పాటే వడ్డిస్తాం.”

“మరి చివరి చెంచా?”

“ఒక్క పూటకి ఆయన చూస్తారులే.”

“అతనా? టీలో ఉప్పేసిచ్చినా గుటగుటా తాగేసే మనిషి!”

“తాగానుగా” అన్నాడు అల్లుడు. “పోయిన నెల, మీ చేతి టీ…” అని ఆగి, నాలుక కరచుకుని, బల్లల మీద గుడ్డలు సర్దడానికి వెళ్ళిపోయాడు. అతని హాస్యాలు నాకు సగం అర్థం కావు. ఇదీ ఆ సగంలోకే చేర్చాను.

కానీ నన్ను కిటికీ దగ్గర్నుంచి లేపారంటే దాని వెనకాల ఏదో ఉంది. తన వంట మీద తనకే అనుమానం వచ్చింది కాబోలు, నేను చూసి ఏడుస్తానని అడ్డు తప్పించింది. ఇన్నాళ్ళూ నేను వెనక నుంచి కాస్తున్నానని దానికి తెలియదు కదా. ఈ పూట కాసేవాళ్ళు కూడా లేరు. పిల్ల ఒంటరిగా మునిగిపోతుంటే నేను హాల్లో కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చోవాలి.

టీచరమ్మ చెప్పిన వేళకే వచ్చింది. ఆవిడ గొడుగుని కూడా క్లాసులో బెత్తం పట్టుకున్నట్టే పట్టుకుంటుంది. గోడలు చూసింది. పైకప్పు చూసింది. సముద్రం వైపు బల్ల దగ్గర కూర్చుని, సంచిలోంచి తన చేతిరుమాలు తీసి, మేం పెట్టిన చెంచాని మళ్ళీ ఒకసారి తుడుచుకుంది. అల్లుడి మొహం చిన్నబోయింది. పొద్దుట్నుంచి ఆ చెంచాని అతను ఎన్నిసార్లు తుడిచాడో నాకు తెలుసు.

“మీరెందుకమ్మా చెమటలు కక్కుతున్నారు? పరీక్ష మీకు కాదుగా” అంది నన్ను చూసి.

“సముద్రపు ఉక్కండీ” అన్నాను.

“మీ అమ్మాయి చిన్నప్పుడు లెక్క తప్పితే కొట్టివేతలన్నీ కనిపించేలా వదిలేసేది. చెరిపేసేది కాదు. నాకు అందుకే ఇష్టం అదంటే.”

కొట్టివేతలు వదిలేసే పిల్ల ఇంత పెద్ద సంగతి దాచుకుని తిరుగుతోంది!

హాల్లో ఇంకో బల్ల దగ్గర పైలటు గారు ఒక్కడే ఉన్నాడు. వెనక్కి పంపిన గిన్నె సంగతి మనసులో పెట్టుకోకుండా మళ్ళీ వచ్చినందుకు అతనికి దణ్ణం పెట్టాలనిపించింది. అల్లుడు అందరికీ సూపు తెచ్చాడు. చేప ముక్కలు, బంగాళాదుంపలు, పైన ఇంత పచ్చటి ఆకు తరుగు. పొగలు కక్కుతోంది. చూడ్డానికి వాళ్ళ నాన్న చేసిందే.

టీచరమ్మ చెంచా ముంచే దాకా ఆగి, జేబులోంచి నా చెంచా తీసి నేనూ ముంచాను. నోట్లో పెట్టుకున్నాను.

నీళ్ళు.

ఇంకో చెంచా. వేడి తెలుస్తోంది, బంగాళాదుంప మెత్తదనం తెలుస్తోంది. రుచన్నది లేదు. అంత గుప్పెడు వేస్తుంటే నా కళ్ళతో చూశానే! అంటే అది వేసింది ఉప్పు కాదు. పక్క జాడీలో పిండి ఉంటుంది, అది తీసి వేసింది. అయ్యో, నాలుకే కాదు, కళ్ళు కూడా పోతున్నాయా దీనికి? ముందు నాలుక, తర్వాత కళ్ళు, ఆ తర్వాత ఏమిటో! మొగుడు ఎన్నాళ్ళు చూస్తాడు? నేనెన్నాళ్ళుంటాను? ఈ గోడలకి గులాబీ రంగు వేసి, ఆయన పొయ్యి ఉన్న చోట ఐస్‌క్రీము మిషను పెట్టి, దాని ముందు పిల్లలు వరసగా నిలబడి కేరింతలు కొడుతున్నట్టు కూడా కనిపించింది నాకు.

టీచరమ్మ తింటోంది. ఆవిడ మొహంలో ఏమీ తెలియదు. జవాబు పత్రాలు దిద్దుతున్నప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. అటు పైలటు గారు రొట్టె ముక్కతో గిన్నె అంచులు తుడుచుకుని మరీ తింటున్నాడు. పాపం, పోయినసారి మమ్మల్ని బాధపెట్టానని మొహమాటానికి తింటున్నాడనుకున్నాను.

నా చెయ్యి దానంతటదే బల్ల మీదున్న ఉప్పు సీసా దగ్గరికి పోయింది. మెల్లిగా టీచరమ్మ గిన్నె పక్కకి జరిపాను.

“ఎందుకు?” అంది.

“ఊరికేనండీ. అందుబాటులో ఉంటుందని.”

ఆవిడ దాన్ని అంతే మెల్లిగా నా వైపు జరిపింది. మళ్ళీ ఆవిడ వైపు జరిపాను. ఆవిడ చెంచా కింద పెట్టేసింది. ఆ చెంచా గిన్నెకి తగిలిన చప్పుడుతో నాలో ఏదో తెగిపోయింది.

“టీచరమ్మగారూ, చప్పగా ఉంది కదండీ. ఉందని నాకు తెలుసు. మీరు మర్యాదకి మింగుతున్నారు. పిల్ల తప్పు కాదండీ. జ్వరం వచ్చి దాని నాలుక పోయింది. ఎవరికీ చెప్పుకోలేదు, నాక్కూడా చెప్పలేదు, జాడీలో తల పెట్టి ఏడుస్తోంది. ఇన్నాళ్ళూ నేనే వెనకాల ఉప్పు కలిపి పంపిస్తున్నాను. ఇవాళ నన్నక్కడ కూర్చోనివ్వలేదు. నన్ను చూసి సంతకం పెట్టండి. నేను మళ్ళీ కిటికీ దగ్గర కూర్చుంటాను, మీ ఇంటి పేరు పోనివ్వను…”

నేను అంత గట్టిగా మాట్లాడుతున్నానని నాకు తెలియదు. తలెత్తి చూస్తే పైలటు గారి రొట్టె ముక్క గాల్లోనే ఆగిపోయింది. కిటికీలో మా అమ్మాయి మొహం. దాని వెనకాల అల్లుడి మొహం.

టీచరమ్మ ఇంకో చెంచా తీసుకుని నోట్లోనే కాసేపు ఉంచుకుంది. “నాకు బాగానే ఉందే” అంది. “కానీ నా మాట పట్టుకోకండి. డాక్టరు ఉప్పు తగ్గించమన్న దగ్గర్నుంచీ నాకు అన్నీ ఉప్పగానే ఉంటాయి. ఏమండీ పైలటుగారూ, మీరేమంటారు?”

“ఇవాళ బ్రహ్మాండంగా ఉందండీ. ఆ రోజు మాత్రం నోట్లో పెట్టలేకపోయాను. ఉన్న మాట.”

“అంటే రోజుకో రకంగా ఉంటోంది. ఎందుకో తెలియకుండా రోజుకో రకంగా ఉండే వంటకి నేను ఇల్లివ్వను.” ఆవిడ కిటికీ వైపు తిరిగింది. “ఇలా రావే.”

మా అమ్మాయి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

“మీ అమ్మ చెప్పింది నిజమేనా? నీకు రుచి తెలియడం లేదా?”

అది టీచరమ్మని చూడలేదు. నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందనుకున్నాను. లేదు. జ్వరంలో పడుకున్న పిల్లని తల్లి ఎలా చూస్తుందో అలా చూసింది నన్ను.

“చెప్పెయ్యవే” అన్నాను. “ఎన్నాళ్ళు దాస్తావు? అన్నీ చెప్పేశాను నేను. ఏ డాక్టరు దగ్గరికైనా పోదాం.”

“అమ్మా, నువ్వు భోజనం చెయ్” అంది. “టీచర్, తర్వాత మాట్లాడుకుందాం. అమ్మకి భయమెక్కువ. కిందటేడు మడమ మీద కాయ కాస్తే ఇక లేవనని చీరలన్నీ పంచిపెట్టేసింది. ఇలాంటివి నలుగురిలో…”

“ఎవరా నలుగురు? నేను, పైలటుగారు, మీరేగా” అంది టీచరమ్మ. “మీ ఇద్దరిలో ఒకరి నాలుక తప్పు చెప్తోంది. ఎవరిదో నాకు తెలియాలి. బాబూ, రెండు గిన్నెల్లో సూపు పోసి తీసుకురా. ఒకదాంట్లో ఉన్నది ఉన్నట్టు పొయ్యి. ఇంకోదాంట్లో గట్టిగా ఉప్పు కలుపు. ఏది ఏదో మీ ఆవిడకి కూడా చెప్పొద్దు. ఇద్దరూ రుచి చూసి చెప్తారు.”

“వద్దండీ టీచర్” అంది మా అమ్మాయి. “నాదే అనుకోండి. నా నాలుకే బాలేదు. సరేనా?”

“అనుకోవడాలు లేవు. లెక్క చేసి చూపించాలి.”

అల్లుడు లోపలికి వెళ్ళి రెండు గిన్నెలు తెచ్చాడు. బల్ల మీద నా ముందు పెట్టాడు, ఒకటి కుడి చేతి వైపు, ఒకటి ఎడమ చేతి వైపు.

“చప్పగా ఉందన్నది మీరు కాబట్టి ముందు మీరు” అంది టీచరమ్మ.

నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళు చివరి చెంచా పట్టుకున్నదాన్ని, నాకా పరీక్ష? పిల్ల వంతు వచ్చేసరికి ఎలా కాపాడాలా అని ఆలోచిస్తూనే కుడి గిన్నెలో ముంచి నోట్లో పెట్టుకున్నాను.

నీళ్ళు. ఇది ఉప్పు కలపనిదన్నమాట.

ఎడమ గిన్నెలో ముంచాను.

నీళ్ళు.

పొరపాటున చెంచా మళ్ళీ కుడి గిన్నెలోనే ముంచానేమో అనుకుని, ఈసారి కళ్ళతో చూసుకుంటూ ముంచాను. కుడి. ఎడమ. మళ్ళీ కుడి. నాలుకని పళ్ళకేసి రుద్దుకున్నాను. ఎడమ గిన్నెలోది పెదవి చివర పగిలిన చోట తగిలితే చురుక్కుమన్నట్టు అనిపించింది, అంతే. అది కూడా వేడికేమో. నోట్లో మాత్రం రెండూ ఒకటే వేడినీళ్ళు.

కాఫీ పొడి గుర్తొచ్చింది. కొట్టువాణ్ణి ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చింది. వీపు వెనకాల మాడిన రొట్టె. అల్లుడు తాగిన టీ. మా అమ్మాయి గోళ్ళతో ఉప్పు చిటికెడు చిటికెడు వేస్తుండడం, మిగతాది కిటికీ దగ్గర నేను వేస్తానని లెక్క చూసుకుని. అయినా నా చెయ్యి రోజురోజుకీ పెరిగిపోతుంటే పాపం దాని లెక్క ఎక్కడ నిలుస్తుంది? చంకలో పెట్టుకుని ఏడ్చిన జాడీ. అది మిరియాల జాడీ అని నాకెవరు చెప్పారు? మిరియాల ఘాటు నా ముక్కుకి తగిలిందా? మిరియాలదీ ఉప్పుదీ ఒకే రకం జాడీలు. నిన్ననో మొన్ననో నిండుగా పోసిన ఉప్పు అయిపోయి జాడీ అడుగు కనిపిస్తుంటే, అది చూసి ఏడ్చింది నా కూతురు.

దానికి సేవ చేసి చేసి నాకూ జ్వరం వచ్చింది, పోయింది అన్నాను కదూ. నాదీ ఊరికే పోలేదు.

లోకంలో ఉన్న జబ్బులన్నీ అందరికీ పంచిపెట్టి చూసుకున్నాను. ఇది ఒక్కటి నాకు వస్తుందని మాత్రం భయపడడం మరిచిపోయాను.

“చెప్పండి. ఏ గిన్నెలో ఉప్పెక్కువగా ఉంది?” అంది టీచరమ్మ.

తలెత్తాను. టీచరమ్మ భుజం వెనకాల అల్లుడు నిలబడి ఉన్నాడు. కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తున్నాడు. నేను చూడగానే అతని కనుగుడ్లు ఎడమ గిన్నె వైపు వెళ్ళాయి. మళ్ళీ నా మొహం మీదికి, మళ్ళీ ఎడమ గిన్నె మీదికి. పిచ్చి నాయన, నలుగురిలో నా పరువు పోకూడదని చూస్తున్నాడు.

“ఆ చూపులు నా క్లాసులో సాగేవి కావు బాబూ” అంది టీచరమ్మ వెనక్కి తిరక్కుండానే. “అద్దంలో కనిపిస్తున్నావు. కడిగి పెట్టావుగా తళతళలాడేలా.”

అతను తల దించేసుకున్నాడు. కానీ నాకు అందాల్సింది అందింది.

ఎడమ, అంటే చాలు. ఒక్క మాట. టీచరమ్మ ఏమనుకున్నా నేనెలా కనుక్కున్నానో తేల్చలేదు. చెంచా నా జేబులోనే ఉంటుంది. కిటికీ నాదే. ఆయన పెట్టిన పేరు నాదే. తర్వాత పిల్ల వంతు వస్తుంది. దానికి తెలుసు ఏది ఏదో, నోట్లో పెట్టుకోగానే తెలుస్తుంది. అయినా నా మొహం చూసి, కావాలనే తప్పు చెప్తుంది. నా కడుపున పుట్టినదాని సంగతి నాకు తెలియదూ? తన నాలుకే పోయిందని అందరి ముందూ ఒప్పుకుని, పొయ్యి ఆర్పేసి, మేడ మీదికి వెళ్ళి పడుకుంటుంది. ఊరంతా రేపటికి చెప్పుకుంటుంది. రుచి తెలియని వంటమనిషికి ఎవరిస్తారు ఇల్లు?

లేదా నాకేమీ తెలియడం లేదని చెప్పాలి. చెప్పాక నేనెవర్ని? వంటింట్లో ఉప్పు తెలియని ముసలిదాన్ని ఎక్కడ కూర్చోబెడతారు?

పైలటు గారు రొట్టె ముక్కని చప్పుడు కాకుండా కింద పెట్టాడు. రేవులో ఏదో పడవ ఇంజను తడబడి ఆగిపోయింది. గిన్నెల మీద ఆవిరి తగ్గి, సూపు మీద మీగడలా సన్నటి పొర కట్టింది. మా అమ్మాయి నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడింది. దాని చెయ్యి నా భుజం మీద పడింది. ఆ చెయ్యి ఉల్లిపాయ వాసన వేస్తూ ఉంటుంది ఎప్పుడూ. తల తిప్పి, ముక్కు ఆనించి చూశాను.

లేదు. అదీ లేదు.

“అమ్మా, వద్దులే. లే, పైకెళదాం” అంది నా చెవి దగ్గర.

“ఆవిణ్ణి చెప్పనీ” అంది టీచరమ్మ. గొంతు కఠినంగానే ఉంది గాని, ఆవిడ చెయ్యి బల్ల మీద చేతిరుమాలుని మడతలు పెట్టడం ఆపేసింది.

నా చెంచాని ఏప్రాను అంచుతో తుడిచాను. ఇవతలి వైపూ అవతలి వైపూ తుడిచి, రెండు గిన్నెలకీ మధ్యలో పెట్టాను. గుటక వేశాను. తలుపు సందులోంచి గాలికి ఇసక కొట్టుకొచ్చి నేల మీద గరగరలాడడం వినిపిస్తోంది.

“మా అల్లుడు ఎడమ గిన్నె అంటున్నాడండీ” అన్నాను చివరికి. “నా నాలుకైతే ఏమీ అనడం లేదు.”